ఇల్లు కొనేముందు ఎవరికి చూపించాలి?



సంతలో ఎడ్లజతను కొనే రైతును మీరు చూచే ఉంటారు. ఆయన ఒంటరిగా వెళ్ళడు. పశువుల సంగతి ఎరిగిన పెద్దమనిషిని వెంటబెట్టుకొని వెళతాడు. నోరు తెరిపించి పళ్ళు చూస్తారు. గిట్టలు చూస్తారు. మెడమీద చేయివేసి కాడి పుండు ఉందేమోనని తడుముతారు. కుంటు ఉందేమోనని నాలుగడుగులు నడిపిస్తారు. ఆ తరువాతనే తువ్వాలు క్రింద చేతులు కలుస్తాయి.

అదే రైతు తన జీవితంలో ఒక్కసారి కొనే ఇంటిని ఎలా కొంటున్నాడు? ఒక సాయంకాలం వెళ్ళి, నాలుగు గదులు తిరిగి, ఇచ్చిన కాఫీ త్రాగి, "బాగానే ఉంది" అని బయానా ఇచ్చి వస్తున్నాడు. ఎడ్ల విషయంలో చూపిన జాగ్రత్తలో పదోవంతు కూడా ఇంటి విషయంలో చూపటం లేదు.

పిల్లల చదువుల కోసమనీ, ఆసుపత్రి దగ్గరగా ఉంటుందనీ మన సంఘాల వారు అనేకులు పల్లె విడిచి మండల కేంద్రంలోనో, పట్నం శివారులోనో కట్టిన ఇల్లు కొంటున్నారు. అందులో పెట్టే డబ్బు ఎకరం అమ్మగా వచ్చినది కావచ్చు. గల్ఫులో బిడ్డ పది సంవత్సరాలు కష్టపడి పంపినది కావచ్చు. ఉద్యోగ విరమణనాడు చేతికి అందినది కావచ్చు. అది పోతే మరల రాదు. కనుక ఇల్లు కొనేముందు దానిని పరీక్షించటానికి ఎటువంటి మనిషిని ఎన్నుకోవాలో ఈ నెల వ్రాయదలచాము.

అందరూ చూశారు, ఇంటిని ఎవరూ చూడలేదు

మేమెరిగిన ఒక కుటుంబం సంగతి చెబుతాము. రిటైరైన ఉపాధ్యాయుడొకరు ఎండాకాలంలో ఒక డాబా ఇల్లు కొన్నారు. కొనేముందు ఆయన అజాగ్రత్తగా ఏమీ లేరు. ఈసీ తీయించారు. లింకు డాక్యుమెంట్లన్నీ లాయరుకు చూపించారు. కొంత సొమ్ము బ్యాంకు ఋణం గనుక బ్యాంకు పంపిన వాల్యుయరు వచ్చి కొలతలు తీసుకొని వెళ్ళాడు. బావమరిది వచ్చి చూచాడు. ఎదురింటివారు మంచి ఇల్లేనన్నారు. గోడలకు, స్లాబు అడుగుభాగానికి క్రొత్తగా వేసిన తెల్లరంగు కళకళలాడుతున్నది.

తొలకరి వానకే ఆ తెల్లరంగు మీద తుప్పురంగు మరకలు తేలాయి. దసరా నాటికి ఒక మధ్యాహ్నం వెనుకగదిలో స్లాబు పెచ్చులూడి మంచంమీద పడ్డాయి. అంతకు అరగంట ముందు మనుమరాలు ఆ మంచంమీదనే నిద్రపోతున్నది. దేవుని కృపవలన ఆ బిడ్డ క్షేమంగా ఉన్నది. కాని పైన కనబడిన ఊచలు సగానికి సగం తుప్పుగా రాలుతున్నాయి.

ఇందులో పొరపాటు ఎక్కడ జరిగింది? లాయరు కాగితాలు చూచాడు, అది ఆయన పని. బ్యాంకువారి వాల్యుయరు ఈ ఆస్తి ఎంత వెల చేస్తుంది, ఋణానికి చాలినదా అని చూచాడు, అది ఆయన పని. మధ్యవర్తి బేరం కుదిర్చాడు. బంధువులు గదులు సరిపోతాయా, మంచినీళ్ళు దగ్గరేనా అని చూచారు. వాస్తు చూచేవారు వచ్చినా తూర్పు పడమరలు చెప్పగలరే గాని స్లాబులోని ఇనుము సంగతి చెప్పలేరు. ఇంతమంది వచ్చి వెళ్ళారు గాని పునాదిని, గోడను, పైకప్పును చూడవలసిన మనిషి ఒక్కడు రాలేదు.

చట్టం కూడా కొనేవాని మీద భారం పెట్టింది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను ప్రకారం, అమ్మేవాడు తనకు తెలిసియుండి, కొనేవానికి తెలియక, మామూలు జాగ్రత్తతో కొనేవాడు కనిపెట్టలేని ముఖ్యమైన లోపం ఏదైనా ఉంటే బయటపెట్టాలి. అనగా జాగ్రత్తగా చూస్తే కనబడే లోపాన్ని మనం చూడకపోతే, తరువాత ఎవరినీ అడగటం కష్టం. 2016లో వచ్చిన రెరా చట్టం స్వాధీనం ఇచ్చిన నాటినుండి 5 సంవత్సరాలలోపు కట్టడంలో బయటపడిన లోపాలను బిల్డరే సరిచేయాలన్నది. అయితే అది బిల్డర్లు కట్టి అమ్మే నిర్మాణాలకు సంబంధించినది. ఒక గృహస్థునివద్ద కొనే పాత ఇంటికి ఆ రక్షణ ఉండదు.

యాజకుడు ఇల్లు చూచిన విధము

ఇల్లు పరీక్షించే పని ఈ కాలంలో పుట్టినది కాదు. లేవీయకాండము 14వ అధ్యాయము చివరిభాగం తీసి చదవండి. గోడలో పొడ కనబడిన ఇంటిని ఎలా పరీక్షించాలో అక్కడ వివరంగా ఉన్నది. ఇంటి యజమాని తానుగా వచ్చి యాజకునికి తెలియజేయాలి. యాజకుడు లోపలికి రాకముందే ఇల్లు ఖాళీ చేయించాలి. ఆయన వచ్చి మచ్చల రంగు చూస్తాడు, అవి గోడపైపొరకంటె లోతుగా ఉన్నాయా అని చూస్తాడు. వెంటనే తీర్పు చెప్పడు. ఏడు దినాలు ఇల్లు మూయించి, మరల వచ్చి చూస్తాడు. మచ్చ ప్రాకితే ఆ రాళ్ళు తీయించి, లోపలి పూత గీయించి, క్రొత్త రాళ్ళు, క్రొత్త అడుసు పెట్టిస్తాడు. అప్పటికీ తిరిగి వస్తే ఇల్లే పడగొట్టిస్తాడు. పొడ తిరిగి రాకపోతే ఇల్లు పవిత్రమని చెబుతాడు.

ఆ వాక్యభాగానికి ఆత్మీయమైన అర్థాలు చెప్పేవారున్నారు. మేము ఇక్కడ అందులోని పని పద్ధతిని మాత్రమే చూపుతున్నాము. యాజకుడు ఆ ఇంటిని అమ్మేవాడు కాడు, కొనేవాడు కాడు, రాళ్ళు మార్చి కూలి తీసుకొనే పనివాడూ కాడు. కనుక ఉన్నది ఉన్నట్టు చెప్పగలిగాడు. పైపూతను చూచి మోసపోలేదు, లోతు చూచాడు. ఒక్కసారి చూచి సరిపెట్టుకోలేదు, వ్యవధి ఇచ్చి మళ్ళీ చూచాడు.

నేటి ఇంజనీర్లు కూడా ఇలాగే చేస్తారు. గోడలో బీట కనబడితే దానికి అడ్డంగా సన్నని గాజుముక్క అతికించి, తేదీ వ్రాసి, కొన్ని వారాలు విడిచిపెడతారు. గాజు పగిలితే బీట ఇంకా పెరుగుతున్నదని, గోడ కదులుతున్నదని అర్థం. పగలకపోతే అది ఎప్పుడో వచ్చి ఆగిపోయిన పాతబీట అయి ఉండవచ్చు. మొదటిదానికి పునాది చూడాలి, రెండవదానికి మాలు పెట్టి పూడ్చితే చాలవచ్చు. ఈ రెంటికీ ఖర్చులో ఎంతో తేడా ఉన్నది.

ఆ మనిషిని ఎన్నుకొనే విధము

అమెరికాలో ఇది ఒక వృత్తి. అక్కడి హోమ్ ఇన్‌స్పెక్టర్ల సంఘం 1976లోనే ఏర్పడింది. మన తెలుగువారు అధికంగా స్థిరపడిన టెక్సాసు వంటి రాష్ట్రాలలో ఈ పని చేయటానికి ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. మన దేశంలో ఆ పేరుతో ప్రత్యేకమైన లైసెన్సు లేదు. హైదరాబాదులో ఫ్లాట్లను పరీక్షించి రిపోర్టు ఇచ్చే సంస్థలు వచ్చాయి గాని మన పల్లెలలో "ఇల్లు పరీక్షించేవాడు" అని బోర్డు కట్టుకొన్నవారు కనబడరు. కనుక మనమే వెదకి, మనమే అడిగి, ఎన్నుకోవాలి. ఈ క్రింది సంగతులు గమనించండి.

1. చదువు. సివిల్ ఇంజనీరింగులో డిగ్రీ గాని, పాలిటెక్నిక్ డిప్లొమా గాని ఉండాలి. మునిసిపాలిటీ కార్యాలయంలో అడిగితే లైసెన్సు పొందిన ఇంజనీర్ల పేర్లు చెబుతారు. పంచాయతీరాజ్, రోడ్లు భవనాల శాఖలలో పనిచేసి రిటైరైనవారు, పాలిటెక్నిక్ కాలేజీలో సివిల్ పాఠాలు చెప్పి రిటైరైనవారు చాలా పట్నాలలో ఉంటారు. మీ సంఘంలోనే ఎవరో ఒకరు వారిని ఎరిగి ఉంటారు.

2. పాత ఇళ్ళ అనుభవం. క్రొత్త ఇంటికి ప్లాను గీయటం వేరు, పాత ఇంటి రోగం కనిపెట్టటం వేరు. "మీరు పాత ఇళ్ళు ఎన్ని చూచారు? వాటిలో ఏమి లోపాలు కనబడ్డాయి? ఎలా బాగుచేయించారు?" అని అడగండి. పని తెలిసినవాడు సంతోషంగా చెబుతాడు.

3. స్వలాభం లేనివాడు. ఇది అన్నిటికంటె ముఖ్యం. అమ్మేవాడు తెచ్చిన ఇంజనీరు వద్దు. మధ్యవర్తి పంపిన మనిషి వద్దు, ఎందుకంటే బేరం కుదిరితేనే ఆయనకు కమీషను. ఇల్లు చూచి "ఈ రిపేరు నేనే చేయిస్తాను, కాంట్రాక్టు నాకివ్వండి" అనేవాడు కూడా వద్దు. అతనికి చిన్న పగులు పెద్దదిగా కనబడవచ్చు. ఇల్లు మంచిదైనా చెడ్డదైనా అతని ఫీజు ఒక్కటే అయి ఉండాలి, ఆ ఫీజు మీరే ఇవ్వాలి, ముందుగానే మాట్లాడుకోవాలి.

4. వెళ్ళి చూచేవాడు. ఫోటోలు పంపండి, చెబుతాను అనేవాడు మనకు పనికిరాడు. పగటి వెలుగులో రావాలి. నిచ్చెన వేసుకొని మేడ ఎక్కాలి. వీలైతే ఒక వాన పడిన తరువాత మరల ఒకసారి రావాలి. తాను చూచేటప్పుడు మిమ్మును వెంట తిరగనివ్వాలి.

5. వ్రాసి ఇచ్చేవాడు. నోటిమాట ఎంత మంచిదైనా నెల తరువాత నిలువదు. ఏ గదిలో ఏ లోపం చూచాడో, అది ప్రాణాపాయమైనదా, త్వరలో బాగుచేయవలసినదా, అలాగే విడిచిపెట్టదగినదా అని విడివిడిగా వ్రాసి, తేదీ వేసి సంతకం చేయాలి. తాను చూడలేకపోయిన వాటిని కూడా వ్రాయాలి. పునాదిలోనికి ఎవరి కన్నూ పోదు. "అంతా బాగుంది" అని ఒక్క మాటతో ముగించేవానికంటె, "ఇది చూడలేదు" అని ఒప్పుకొనేవాడే నమ్మదగినవాడు.

మరి ఊరి తాపీమేస్త్రి సంగతి ఏమిటని మీరు అడగవచ్చు. ముప్పై సంవత్సరాలు గోడలు కట్టిన మేస్త్రి చేతికి, చెవికి తెలిసే సంగతులు కొన్ని చదువుకొన్నవారికి కూడా తెలియవు. ఆయనను తప్పక పిలవండి, కూలి ఇవ్వండి. అయితే స్లాబు బరువు, ఇనుము బలం, పైన ఇంకొక అంతస్తు మోయగలదా అనేవి లెక్కకట్టి చెప్పవలసినవి. అందుకు ఇంజనీరు కావాలి. కరెంటు పనికి లైసెన్సు ఉన్న వైర్‌మన్ కావాలి. స్తోమతు ఉంటే ముగ్గురినీ పిలవండి. లేకపోతే ఇంజనీరును మాత్రం విడువవద్దు.

వచ్చినవాడు ఏమి చూడాలి

వచ్చినవాడు పని తెలిసినవాడో కాడో మీకు తెలియాలంటే ఆయన ఏమి చూడాలో కొంచెమైనా మీరు ఎరిగి ఉండాలి.

మొదట ఆయన నేల అడగాలి. నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకొని నెర్రెలిస్తుంది. దానితోబాటు తక్కువ లోతు పునాది గల ఇల్లు లేస్తుంది, దిగుతుంది. తలుపుల, కిటికీల మూలలనుండి ఏటవాలుగా ప్రాకే బీటలు ఇందుకు గుర్తు. ఇటువంటి నేలల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అడుగున ఉబ్బెత్తుగా ఉండే ప్రత్యేకమైన పైల్ పునాదిని రూపొందించింది. చెరువు పూడ్చిన స్థలమా, పాత బావి పూడ్చిన చోటా అని ఇరుగుపొరుగు ముసలివారిని కూడా ఆయన అడగాలి.

తరువాత స్లాబు. స్లాబు అడుగున సుత్తితో మెల్లగా తట్టుకొంటూ పోవాలి. గట్టి చోట గట్టిశబ్దం వస్తుంది. పెచ్చు విడిచిన చోట డొల్లశబ్దం వస్తుంది. ఇనుము తుప్పుపడితే ఉబ్బుతుంది. ఆ ఉబ్బే బలానికి క్రింది కాంక్రీటు పగిలి ఊడుతుంది. సముద్రపు ఇసుకతో కట్టినా, ఊచల క్రింద కాంక్రీటు పలుచగా ఉన్నా ఇది త్వరగా వస్తుంది. 2000లో వెలువడిన ఐ.ఎస్. 456 అనే భారత ప్రమాణం ఊచలకు రక్షణగా ఉండవలసిన కాంక్రీటు మందాన్ని మామూలు చోట 20 మిల్లీమీటర్లని, సముద్రతీరపు ఉప్పుగాలి నేరుగా తగిలే చోట 45 మిల్లీమీటర్లని చెప్పింది. మచిలీపట్నం, కాకినాడ, భీమునిపట్నం వంటి తీరప్రాంతాలలో ఇల్లు కొనేవారు ఈ సంగతి మరువకూడదు.

రాతిగోడల ఇళ్ళున్న ప్రాంతాలవారికి ఒక మాట. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని లాతూరు ప్రాంతంలో భూకంపం వచ్చి దాదాపు 10,000 మంది మరణించారు. అక్కడి ఇళ్ళు ఎక్కువగా మట్టి అడుసుతో పేర్చిన లావైన రాతిగోడలు, వాటిమీద బరువైన మట్టి మిద్దెలు. అటువంటి గోడకు వెలుపలి వరుస, లోపలి వరుస అని రెండు ఉంటాయి. ఆ రెంటినీ కలిపి పట్టే బంధపు రాళ్ళు లేకపోతే గోడ చీలి పడిపోతుంది. రాతి ఇల్లు చూచే ఇంజనీరు ఆ రాళ్ళున్నాయా, గోడ కడుపు చేసుకొని ఉబ్బిందా అని గుండు వేసి చూడాలి.

పెంకుటిల్లయితే దూలాలను, వాసాల చివరలను స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడాలి. పైకి గట్టిగా కనబడే దూలం లోపల చెదలు తిని డొల్లయి ఉండవచ్చు. గోడ అడుగున తెల్లని ఉప్పు పొడి రాలుతూ ఉంటే నేలలోని చెమ్మ పైకి ఎక్కుతున్నదని తెలుసుకోవాలి. కరెంటు దగ్గర ఎర్తు సరిగా ఉన్నదా, 30 మిల్లీ ఆంపియర్ల లీకుకే సరఫరా ఆపివేసే ఆర్.సి.సి.బి. పెట్టారా అని చూడాలి. మరుగుదొడ్డి గుంట బావికి గాని బోరుకు గాని ఎంత దూరమో కొలవాలి. మేడపైన పిట్టగోడ పిల్లలకు చాలినంత ఎత్తు ఉన్నదా అని చూడాలి. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో క్రొత్త ఇంటికి పిట్టగోడ కట్టమని ఆజ్ఞ ఉండటం మీరెరిగినదే.

క్రొత్తగా రంగు వేసిన ఇల్లు కనబడితే ఆయన ఇంకా జాగ్రత్తగా చూడాలి. యెహెజ్కేలు 13వ అధ్యాయములో బలంలేని గోడకు సున్నం పూసినవారి సంగతి ఉన్నది. అబద్ధ ప్రవక్తలను గురించి ప్రవక్త చెప్పిన పోలిక అది. వాన వచ్చిన దినాన ఆ పూత ఎందుకు కొరగాకపోయిందో అక్కడ చదువుకోవచ్చు.

బయానాకు ముందు

ఇంటిని పరీక్షించుకొనే సమయం బయానాకు ముందు. ఆలస్యం చేస్తే బేరం చేజారిపోతుందని భయపడేవారు ఇలా చేయవచ్చు. కొద్ది మొత్తం మాత్రమే అడ్వాన్సు ఇచ్చి, అగ్రిమెంటులో ఒక వాక్యం వ్రాయించండి. "15 దినాలలోగా మా ఇంజనీరు ఇల్లు పరీక్షించి కట్టడంలో పెద్ద లోపం ఉన్నదని వ్రాసి ఇస్తే అడ్వాన్సు పూర్తిగా తిరిగి ఇవ్వవలెను" అని. లాయరుతో చెప్పి ఆ మాటలు సరిగా పెట్టించండి. నిజాయితీగల అమ్మకందారు దీనికి అభ్యంతరం చెప్పడు. ససేమిరా అనేవాని ఇంటిని మనమే మరొకసారి ఆలోచించాలి.

రిపోర్టు వచ్చిన తరువాత మూడు మార్గాలున్నాయి. లోపాలు చిన్నవైతే కొనండి. బాగుచేయదగినవైతే ఎంత ఖర్చవుతుందో మరొక మేస్త్రిని అడిగి, అంత వెల తగ్గించమనండి. పునాది కదులుతున్నదనో, స్లాబు ఇనుము చచ్చిందనో వ్రాసి ఉంటే వదలుకోండి. ఇంటివారంతా ఆశపడిన ఇంటిని వదలుకోవటం సులువు కాదని మాకు తెలుసు. ఫీజు దండుగ అయిందని ఇంట్లో ఎవరైనా అంటే, ఆ ఫీజుతో మీరు మీ బిడ్డల తలమీద పడవలసిన స్లాబును తప్పించుకొన్నారని వారికి చెప్పండి.

మన సంఘాలలో ఇల్లు అమ్మేవారు కూడా ఉన్నారు. వారికి ఒక మాట. కొనేవాడు ఇంజనీరును తెస్తానంటే మనసు కష్టపెట్టుకోవద్దు. ఆ యాజకుని యొద్దకు ఇంటివాడు తానే వచ్చి మచ్చ సంగతి చెప్పాడు గదా. లోపం ఉంటే ముందుగా చెప్పి, వెల తగ్గించి అమ్మండి. రంగు వేసి దాచిన బీటను అమ్మినవాడు ఆదివారం ఆరాధనలో అదే కుటుంబం ప్రక్కన కూర్చోవలసి వస్తుంది.

చివరిగా, క్రొత్త ఇంటిలో ప్రార్థన చేయమని మమ్మును పిలిచేవారు, ఇల్లు చూచి "ఎలా ఉంది అయ్యగారూ?" అని అడుగుతూ ఉంటారు. అప్పటికి రిజిస్ట్రేషను అయిపోయి ఉంటుంది. మేము గుండు వేసి గోడ చూడటం ఎరుగము. ఎరిగినవారు మీ దగ్గరి పట్నంలోనే ఉన్నారు. ముందు వారిని పిలవండి, వారు వ్రాసి ఇచ్చినది చదవండి, ఇంటిల్లిపాదీ కూర్చొని ఆలోచించండి. మమ్మును ఆ తరువాత పిలిచినా సంతోషంగా వస్తాము.